వాసన లేని గాలి

శవం బెంచీ మీద కూర్చుని ఉంది.

వీపు గోడకి ఆనించి, తల కాస్త పక్కకి వాల్చి, ఒళ్లో స్టీలు టేపు పెట్టుకుని. ఎవరైనా చూస్తే పని మధ్యలో కునుకు తీస్తున్నాడనుకుంటారు.

మిలిటరీ పోలీసు కెప్టెన్ కూడా మొదట అలాగే అనుకుంది. వంగి మణికట్టు పట్టుకుంది. నాడి లేదు. చెయ్యి ఇంకా పూర్తిగా చల్లబడలేదు. అప్పుడు ఆమె కళ్లు ఆ గోళ్ల మీద పడ్డాయి.

లేత గులాబి రంగులో ఉన్నాయి. పెదాలూ అంతే. బతికున్న తన గోళ్లకంటే చచ్చిపోయిన ఆయన గోళ్లే నిగనిగలాడుతున్నాయి.



అది స్థావరం మధ్యలో, మట్టిదిబ్బ కింద కట్టిన షెల్టర్. పైన బాంబులు పడే రోజొస్తే ఇక్కడి కుటుంబాలూ, బడిపిల్లలూ తలదాచుకోవడానికి కట్టారు. కిటికీలు లేవు. ఒకటే ఉక్కు తలుపు, దానికి అరచేతి మందాన గుండ్రటి అద్దం. పైకప్పులో జాలీలు. వాటిలోంచి ఫ్యాను చల్లటి గాలి తోస్తోంది. గాలి హాయిగా ఉంది. ఏ వాసనా లేదు.

పోయినాయన హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన సర్వే ఇంజనీరు. స్థావరంలో అందరూ ఆయన్ని ‘టేపు మాస్టారు’ అనేవారు. రేపు నిజంగా యుద్ధమొస్తే ఈ స్థావరం దగ్గర ఏముంది, ఏం లేదు, ఉన్నదాంట్లో ఎంత పనికొస్తుంది అని తేల్చడం ఆయన పని. నీళ్ల ట్యాంకు ఎక్కి తొంగి చూశాడు. మంటలార్పే పంపులన్నీ తిప్పించాడు. చెప్పిన మాట నమ్మడు. కళ్లతో చూడాలి, చేత్తో ముట్టుకోవాలి. అందుకే ఆయనంటే చాలామందికి పడదు.

ఈ మధ్యాహ్నం షెల్టర్ చూడటానికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు.

డాక్టరు అప్పటికే నిర్ణయానికి వచ్చేశాడు. గుండెపోటు. ఆయన జేబులో గుండెకి వాడే మాత్రలున్నాయి. ఇంతకుముందు ఒకసారి ఆపరేషన్ కూడా అయింది.

“మరి గోళ్లు?” అని అడిగింది కెప్టెన్.

డాక్టరు కమాండెంట్ వైపు చూశాడు. తర్వాత నేల చూపులు చూశాడు. ఒక్కొక్కరి ఒంటితీరు ఒక్కోలా ఉంటుందని గొణిగాడు.

స్థావరానికి పెద్ద కమాండెంటే. నిలువెత్తు మనిషి, గొంతు కూడా అంతే ఎత్తు. రేపు పదింటికి ఇదే షెల్టర్‌లో డ్రిల్ ఉందని, బడిపిల్లలంతా లోపలికి వచ్చి కూర్చుంటారని, హెడ్‌క్వార్టర్స్ వాళ్లు చూడటానికి వస్తున్నారని చెప్పాడు. గుండె ఆగి పోయిన మనిషి కోసం అదంతా ఆపేది లేదన్నాడు. రేపు ఉదయానికల్లా కేసు మూసెయ్యమన్నాడు.

“ఈ షెల్టర్‌కి ఏం లోటుంది?” అన్నాడు. “మూడేళ్ల కిందట కొత్త డీజిల్ జనరేటర్ పెట్టించాను. కరెంటు పోయినా రెండు రోజులు ఏకధాటిగా నడుస్తుంది. ఆ మాస్టారుకి అన్నీ వంకలే.”

శవాన్ని మొదట చూసింది ఇద్దరు. ఒకరు వర్క్స్ ఆఫీసరు. స్థావరంలో ప్రతి గోడా, ప్రతి పైపూ ఆయన బాధ్యత. చిన్నా పెద్దా తేడా లేకుండా అందర్నీ వరసలు కలిపి పిలుస్తాడు. అందుకని ఆయన్ని అందరూ ‘బావగారు’ అంటారు. రెండోది సర్వేకి వచ్చిన రెండో ఇంజనీరు. నడివయసు మనిషి, ముక్తసరిగా మాట్లాడుతుంది.

బావగారి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కెప్టెన్ అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. భోజనాలయ్యాక మాస్టారు షెల్టర్ కొలుస్తానని వెళ్లాడట. తనకి వేరే పని ఉండి వెంట రాలేదట. ఎంతకీ తిరిగి రాకపోయేసరికి రెండో ఇంజనీరుని తీసుకుని వెతుక్కుంటూ వచ్చాడట. తలుపు దగ్గరగా వేసి ఉందట.

“ఆ టైములో కరెంటు పోయిందా?”

“లేదు.”

“జనరేటర్ నడిచిందా?”

“అయ్యో చెల్లెమ్మా, అది మూలపడి నెలైంది. అందులో పెట్రోల్ చుక్క ఉంటే ఒట్టు.”

“జనరేటర్ గది తాళం?”

“మెకానిక్ దగ్గరుంది. సెలవులో ఉన్నాడు. రాగానే చూపిస్తాను.”

కెప్టెన్ రెండో ఇంజనీరు వైపు తిరిగింది. పొద్దున మెస్‌లో ఆమె, మాస్టారు గట్టిగా వాదులాడుకున్నారని వంటవాళ్లు ముగ్గురు చెప్పారు.

“దేని గురించి?”

“షెల్టర్ పనికిరాదని రాస్తానన్నారు. పూర్తిగా చూడకుండా అంత మాట వద్దన్నాను.”

“మధ్యాహ్నం మీరెక్కడున్నారు?”

“నీళ్ల ట్యాంకు మీద.”

“ఎవరైనా చూశారా?”

“లేదు.”



సాయంత్రం కెప్టెన్ చెల్లెలి క్వార్టర్‌కి వెళ్లింది. చెల్లెలు స్థావరం బడిలో టీచరు. ఇంట్లో అడుగు పెట్టేసరికి పెరట్లో బకెట్ ముందు కూర్చుని ఏదో కసిగా రుద్దుతోంది.

“నా ఖర్మ కాకపోతే ఉతికినవే మళ్లీ ఉతుకుతున్నానక్కా,” అంది. రేపు డ్రిల్‌లో పిల్లలు చేతులకి కట్టుకునే తెల్లగుడ్డ పట్టీలవి. ఎండ బాగా తగులుతుందని మధ్యాహ్నం షెల్టర్ దిబ్బ వెనక కంచె మీద ఆరేసిందట. తీసేసరికి అన్నిటి మీదా ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. రుద్దితే పోకపోగా పులుముకుంటున్నాయట.

కెప్టెన్ ఒక పట్టీ తీసి చూసింది. చుక్కని గోటితో గీకింది. జిడ్డుగా, నల్లగా వేలికి అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

మసి. కాలిన నూనె వాసన.

దిబ్బ వెనక పొయ్యి లేదు. చెత్త కాల్చే చోటు లేదు. జనరేటర్ గది ఒక్కటే ఉంది. అది నెలరోజులుగా నడవలేదని బావగారు ఒట్టు వేశాడు.

“ఆయన్ని తీసుకెళ్తుంటే చూశానక్కా,” అంది చెల్లెలు, చేతులు తుడుచుకుంటూ. “వేళ్లు గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. పోయినవాళ్లు అలా ఉంటారా?”

కెప్టెన్ డాక్టరుకి ఫోన్ చేసింది. ఈసారి పక్కన కమాండెంట్ లేడు. అయినా డాక్టరు గొంతు తగ్గించే మాట్లాడాడు. ఆ రంగు రావడానికి ఒక కారణం ఉందన్నాడు. కార్బన్ మోనాక్సైడ్. ఇంజన్ పొగలో ఉండే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడికి కాస్త తలనొప్పిగా, మత్తుగా ఉంటుంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు.

“మరి ఎందుకు రాయలేదు?”

“లోపలికి వెళ్లినవాళ్లం ఎవరం తూలిపడలేదు మేడమ్. ఇంజన్ పొగైతే కంపు కొట్టాలి. కొట్టలేదు. రక్తం సిటీకి పంపాను. రేపు సాయంత్రం తెలుస్తుంది.”

రేపు సాయంత్రం. డ్రిల్ ఉదయం పదింటికి.

ఫోన్ పెట్టేశాక చెల్లెలు దగ్గరికొచ్చింది. ఏమైందని అడిగింది. కెప్టెన్ చెప్పకూడదనుకుంటూనే అంతా చెప్పేసింది. రేపు నువ్వు ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపో అంది.

చెల్లెలు బకెట్‌లోంచి ఒక పట్టీ తీసి పిండింది.

“నేను మానేస్తే ఇంకో టీచరు తీసుకెళ్తుంది,” అంది. “పిల్లలు మాత్రం వెళ్తారుగా అక్కా?”

కెప్టెన్ వెంటనే కమాండెంట్‌కి ఫోన్ చేసింది. తెల్లగుడ్డ మీద మసి పడిందని డ్రిల్ ఆపమంటావా అన్నాడాయన. రుజువు ఉంటే పట్టుకురా, లేకపోతే పడుకో అని పెట్టేశాడు.

ఆమెకి కంటి మీద కునుకు రాలేదు. ఊపిరి పీల్చిన ప్రతిసారీ అది ఎలాంటి గాలో ఎలా తెలుస్తుందని ఆలోచన. తుపాకీ పట్టుకున్నవాడు ఎదురైతే ఏం చెయ్యాలో ఆమెకి శిక్షణ ఇచ్చారు. కంటికి కనపడని దానితో ఎలా పోరాడాలో ఎవరూ నేర్పలేదు.

తెల్లవారాక రెండో ఇంజనీరుని వెంటబెట్టుకుని దిబ్బ ఎక్కింది. ఆమె మీద అనుమానం పోయి కాదు. షెల్టర్ సంగతి తెలిసినవాళ్లు ఆ స్థావరంలో ఇద్దరే. బావగారిని అడగాలంటే మనసు ఒప్పలేదు.

దిబ్బ వెనక గాలి లోపలికి పీల్చుకునే పెద్ద గొట్టం ఉంది. దాని నోట్లో బొగ్గుపొడి నింపిన ఫిల్టరు. ఇద్దరూ కలిసి బయటికి లాగారు.

లోపలి వైపు శుభ్రంగా ఉంది. బయటి వైపు పెనం అడుగులా నల్లగా ఉంది.

“విషవాయువుల దాడి జరిగినా లోపలివాళ్లు బతకాలని పెట్టిన ఫిల్టరు ఇది,” అంది రెండో ఇంజనీరు. “మసి ఆపేస్తుంది. వాసన ఆపేస్తుంది. కానీ మోనాక్సైడ్‌ని ఆపలేదు. అది బొగ్గులోంచి జారిపోతుంది.”

 హెచ్చరించాల్సిన వాసనని ఫిల్టరే మింగేసింది. ప్రాణం తీసేదాన్ని మాత్రం శుభ్రం చేసి మరీ లోపలికి పంపింది. కాపాడటానికి పెట్టిందే మాస్టారుని మోసం చేసింది.

గొట్టం కింద, రెండు జానల దూరంలో, గోడలోంచి పొట్టి పొగగొట్టం ఒకటి బయటికి వచ్చి ఉంది. కెప్టెన్ వంగి జనరేటర్ గది రేకు సందుల్లోంచి చూసింది. కొత్త డీజిల్ జనరేటర్ ఉండాల్సిన దిమ్మ మీద ఎర్ర రంగు పెచ్చులూడిన పాత యంత్రం ఉంది. చిన్నది. పెళ్లిపందిళ్లకి అద్దెకిచ్చే రకం.

“పెట్రోల్‌ది,” అంది రెండో ఇంజనీరు ఆమె భుజం మీంచి చూస్తూ. “డీజిల్ కంటే దీని పొగలో ఆ వాయువు ఎన్నో రెట్లు ఎక్కువ. మాస్టారు చూడాలన్నది ఇదే అయ్యుంటుంది.”

కెప్టెన్ తల తిప్పి ఆమె వంక చూసింది. ఇంత బాగా తెలిసిన మనిషి. మాస్టారుతో గొడవపడ్డ మనిషి. మధ్యాహ్నం ఎక్కడుందో చెప్పడానికి సాక్షి లేని మనిషి.  దిబ్బ మీద ఇద్దరే ఉన్నారు.

అప్పుడు బావగారి మాట చెవిలో మోగింది. పక్కన ఎవరో అన్నంత స్పష్టంగా.

దిబ్బ కింద నుంచి పిల్లల మాటలు వినపడ్డాయి. బడి వరస కట్టి వస్తోంది.

ఆమె పరుగెత్తింది.

షెల్టర్ ముందు పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. చేతులకి తెల్ల పట్టీలు. వాటి మీద ఇంకా పోని నల్లటి మరకలు. చెల్లెలు వరస ముందు ఉంది. అక్కని చూసింది. తలుపు దాకా వెళ్లి దానికి వీపు ఆనించి నిలబడిపోయింది.

కెప్టెన్ కమాండెంట్ దగ్గరికి వెళ్లి సెల్యూట్ చేసింది. పిల్లల కంటే ముందు పెద్దవాళ్లం ఒకసారి లోపల కూర్చుని చూద్దామని, పది నిమిషాలు చాలని అడిగింది. కమాండెంట్ పళ్లు కొరికాడు. కానీ టీచర్లూ, హెడ్‌క్వార్టర్స్ వాళ్లూ చూస్తున్నారు. కాదంటే బాగుండదు.

చెల్లెలు తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగింది. నలుగురు లోపలికి వెళ్లారు. కమాండెంట్, డాక్టరు, బావగారు, కెప్టెన్. ఉక్కు తలుపు మూసుకుంది. గడియ పిడి పక్కన కెప్టెన్ నిలబడింది.

బయట స్విచ్‌బోర్డు దగ్గర ఆమె ఒక మనిషిని ఉంచింది. రెండో ఇంజనీరుని. చిన్న స్విచ్, లైట్లది, ఆపాలి. పక్కనున్న పెద్ద పిడి ముట్టుకోకూడదు. అది షెల్టర్‌కొచ్చే కరెంటంతా ఆపుతుంది. అది ఆగితే ఆ ఎర్ర యంత్రం దానంతటదే స్టార్టవుతుంది. తన జీపు డ్రైవర్‌కి ఇంకో పని చెప్పింది. లైట్లు ఆరగానే తలుపు పక్క గోడ దగ్గర, గాలిగొట్టానికి దూరంగా, ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి.

ఇద్దరిలో దోషి ఎవరో తను సరిగ్గా పట్టుకుంటే భయం లేదు. తప్పు పట్టుకుంటే, స్విచ్ దగ్గర హంతకురాలిని నిలబెట్టి తను లోపల కూర్చుంది.

“ఇప్పుడు మెయిన్స్ కరెంటు ఆపిస్తున్నాను,” అంది కెప్టెన్. “జనరేటర్ మీద ఎలా నడుస్తుందో చూద్దాం.”

“అది పనిచెయ్యదన్నానుగా చెల్లెమ్మా,” అన్నాడు బావగారు.

“పనిచెయ్యదా?” కమాండెంట్ గిర్రున తిరిగాడు. “నాకెప్పుడు చెప్పావు?”

“పనిచేస్తుంది సార్,” అంది కెప్టెన్. “నిన్న చేసింది.”

లైట్లు ఆరిపోయాయి.

చిమ్మచీకటి. గోడ అవతల ఇంజన్ శబ్దం. సన్నగా మొదలై, గోడంతా పాకి, బెంచీలు వణికాయి.

అది జీపో, ఎర్ర యంత్రమో కెప్టెన్‌కి తెలియలేదు. తను అనుకున్నంత తేడా లేదు ఆ శబ్దాల్లో.  ఫ్యాను. ఫ్యాను వినాలి. పెద్ద పిడి లాగితే ఫ్యాను ఒక్క క్షణమైనా ఆగి తీరాలి. ఆమె ఊపిరి బిగబట్టి తల పైకెత్తింది. ఇంజన్ హోరు కింద, సన్నగా, ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆగిందా? తను వినేలోపే ఆగి మళ్లీ మొదలైందా?

చీకట్లో ఎవరో ఆమెని గుద్దుకున్నారు. రెండు చేతులు తలుపు మీద తడుముతున్నాయి.

“తియ్యండి,” అన్నాడు బావగారు. గొంతు ఆయనదిలా లేదు. “తలుపు తియ్యండి చెల్లెమ్మా. ఫ్యాను ఆపండి. దయచేసి ఫ్యాను ఆపండి.”

కెప్టెన్ టార్చి వెలిగించింది. ఆయన చొక్కా చివరతో ముక్కూ నోరూ మూసుకుని ఉన్నాడు.

“ఎందుకు?” అని అడిగింది. “గాలి బాగానే ఉందిగా? వాసన కూడా లేదు.”

బావగారు పైన జాలీ వంక చూస్తున్నాడు, పాముని చూసినట్టు.

కెప్టెన్ తలుపు మీద మూడుసార్లు కొట్టింది. లైట్లు వెలిగాయి. ఇంజన్ ఆగింది. అద్దంలోంచి రెండో ఇంజనీరు ముఖం కనిపించింది. కెప్టెన్ బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

“అది జీపు,” అంది. “ఈ గదిలో మనం నలుగురం ఉన్నాం. ఇంజన్ శబ్దం వినగానే గాలికి భయపడింది మీరొక్కరే.”

తర్వాత కమాండెంట్‌కి విడమరిచి చెప్పింది. గులాబి గోళ్లు, పట్టీల మీద మసి, నల్లబడ్డ ఫిల్టరు. ఇవన్నీ జనరేటర్ నడిచిందని చెప్తాయి. ఎవరు నడిపారో చెప్పవు. ఆ సంగతి నిన్న మధ్యాహ్నం బావగారే తన నోటితో చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు, తనతో సహా.

“ఇక్కడున్నది డీజిల్ జనరేటర్ అని మీరన్నారు సార్. స్థావరంలో ఎవరినడిగినా అదే అంటారు. ఈయన మాత్రం అందులో పెట్రోల్ చుక్క లేదన్నారు. గదిలో ఉన్నది మారిపోయిందని తెలిసినవాళ్లే ఆ మాటంటారు. తెలిసీ దాచారు. నడిచిన దాన్ని నడవలేదని ఒట్టేశారు.”

బావగారు బెంచీ మీద కూలబడ్డాడు. మాస్టారు కూర్చున్న చోటే. అది గమనించి ఉలిక్కిపడి పక్కకి జరిగాడు.

పోయిన వేసవిలో ఆపరేషన్స్ గది జనరేటర్ కాలిపోయింది. ఆయిల్ మార్పించకపోవడం తన తప్పే. కోర్టు మార్షల్ భయంతో షెల్టర్ డీజిల్ సెట్టు తీసి అక్కడ పెట్టాడు. ఇక్కడ ఈ పాతది. నెల కిందట దాన్ని పరీక్షించేటప్పుడు మెకానిక్ షెల్టర్ లోపల కళ్లు తిరిగి పడిపోయాడు. పొగ ఎటు పోతోందో అప్పుడే తెలిసింది. వాణ్ణి సెలవు మీద పంపేశాడు.

“మాస్టారు రేకు సందుల్లోంచి చూసేశాడు,” అన్నాడు బావగారు. “సొంత కరెంటు మీద ఎలా ఉంటుందో చూడాలి, లోపల కూర్చుంటాను, మెయిన్స్ ఆపు అన్నాడు. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. పిడి లాగాను.”

“తర్వాత?”

“అద్దంలోంచి చూశాను. మొదట టేపు పట్టుకుని రాసుకుంటున్నాడు. తర్వాత ఊరికే కూర్చున్నాడు. ఆపేద్దాం, ఆపేద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఇంకోసారి చూసేసరికి తల వాలిపోయి ఉంది. మళ్లీ మెయిన్స్ వేసి, గాలి శుభ్రపడేదాకా ఆగి, అప్పుడు వెళ్లి రెండో ఇంజనీరుని పిలుచుకొచ్చాను.”

“ఇవాళ పిల్లల్ని కూర్చోబెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది?”

“మెయిన్స్ ఉంటే ఏమీ కాదు. నిజంగా ఏమీ కాదు చెల్లెమ్మా. మెయిన్స్ పోతేనే అది దానంతటదే స్టార్టవుతుంది. ఇవాళ ఎందుకు పోతుంది?”

కమాండెంట్ ఇప్పుడు వాచీ చూసుకున్నాడు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, గుసగుసలా మాట బయటికొచ్చింది.

“పదిన్నరకి లైను కట్ చెయ్యమని సబ్‌స్టేషన్‌కి నిన్న నేనే చెప్పాను. డ్రిల్ మధ్యలో. ఎవరికీ చెప్పలేదు.”

ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ ఒక్కసారే కదిలారు. కెప్టెన్ గడియ లాగింది. డాక్టరు బావగారిని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. కమాండెంట్ ఫోన్ తీశాడు కానీ నంబరు పూర్తిగా నొక్కేంత టైము లేదు.

ఎండలోకి వచ్చారు. వెనక షెల్టర్‌లో లైట్లు ఆరాయి. ఫ్యాను ఆగింది.

ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం.

దిబ్బ వెనక ఏదో దగ్గినట్టు రెండుసార్లు శబ్దమైంది. మూడోసారి అందుకుంది. లోపల లైట్లు మళ్లీ వెలిగాయి. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది, హాయిగా, చల్లగా. బూడిదరంగు పొగ గోడ మూల దాటి కాస్త పైకి లేచి, అక్కడ వంగి, గాలిగొట్టం నోట్లోకి పాకిపోవడం నిలబడిన చోటు నుంచి అందరికీ కనిపించింది.

పిల్లలు బొమ్మరైలు చూసినట్టు చూశారు.

బావగారు నేల మీద కూర్చుని చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కెప్టెన్ ఆయన చేతులు ముఖం మీంచి తీసి బేడీలు వేసింది. 

చెల్లెలు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“పిల్లల్ని ఏం చెయ్యమంటావక్కా?”

“బడికి తీసుకెళ్లిపో.”

రెండు వరసలూ వెనక్కి తిరిగాయి. డ్రిల్ తప్పిందన్న సంబరంలో ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నడిచారు. కెప్టెన్ జీపు మీద చెయ్యి ఆనించి, వాళ్లని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మొదటి వరస సగం కాకముందే ఆపేసి, ముఖం అటు తిప్పుకుంది.